బిడ్డ పేరున ఒక కార్డు: సంఘానికి నా అర్జీ, కొంచెం కోపంతోనే



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో ఒక మాట మీద గొడవయింది. మీటింగుకి రానివాళ్ళకు ఎవరో ఏదో చెప్పినట్టున్నారు, రెండు రోజులుగా ఫోన్లు. అందుకే నేను ఏమన్నానో, ఎందుకన్నానో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. పొడుగు రాత. చివరిదాకా చదివి ఆ తరువాత తిట్టండి, పరవాలేదు.

గొడవ ఇది. ఈ ఏడు సంఘం తరపున 'బిడ్డల వైద్య సహాయ నిధి' పెట్టాలని కమిటీ తీర్మానం తెచ్చింది. మన ఇళ్ళలో బిడ్డలకు పెద్ద జబ్బు చేస్తే అందులోంచి ఇవ్వడం. అందరూ చప్పట్లు కొట్టినారు. నేనొక్కడినే లేచి "ఈ నిధి వద్దు" అన్నాను. "అంటే బిడ్డలు చచ్చినా పరవాలేదా నీకు?" అని ఒక పెద్దాయన అడిగినారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఆ ప్రశ్నకు జవాబే ఈ రాత.

నేను వద్దన్నది సాయాన్ని కాదు, జోలె పట్టడాన్ని. ఎందుకో చెప్పాలంటే 2021 అక్టోబరుకు పోవాలి.

మనవాడే ఒక తమ్ముడు. పేరు రాయను, మీలో చాలామందికి తెలుసు. హొసూరు సిప్‌కాట్‌లో కాంట్రాక్టు పని చేసేవాడు. జీతంలోంచి ఈఎస్ఐ పట్టేవాళ్ళు, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఈఎస్ఐ డిస్పెన్సరీకి పోయేవాళ్ళు. 2020 లాక్‌డౌన్‌లో పని పోయింది. ఈఎస్ఐ ఇంకొన్ని నెలలు నడిచి ఆగిపోయింది. వాడు బాడుగ టెంపో తోలడం మొదలుపెట్టినాడు. ముఖ్యమంత్రి బీమా కార్డు లేదు. పని ఉన్నప్పుడు వరుమానం హద్దు దాటిందన్నారు. పని పోయినాక కొత్త వరుమానం సర్టిఫికెట్టు కోసం తిరిగేదానికి తీరిక లేదు. ఒక రోజు తిరిగితే ఒక రోజు బాడుగ పోతుంది.

ఇంట్లో అందరికీ కరోనా వచ్చి తగ్గింది. నెల తిరగకుండానే ఆరేళ్ళ బిడ్డకు జ్వరం పట్టుకుంది. కళ్ళు ఎర్రబడినాయి, ఒంటి నిండా దద్దులు, కడుపు నొప్పి. కరోనా తగ్గిన కొన్ని వారాలకు కొందరు బిడ్డలకు వచ్చే ఎంఐఎస్-సి అది. గుండె మీదికి పోతుంది. దానికి ముఖ్యమైన మందు ఇమ్యునోగ్లోబులిన్. బిడ్డ బరువు కిలోకి రెండు గ్రాముల లెక్క. ఇరవై కిలోల బిడ్డకు నలభై గ్రాములు. ఆ మందు ధర ఎంతుంటుందో కొన్నవాళ్ళకు తెలుసు.

రాత్రికి రాత్రే అత్తిబెలె దాటి బెంగళూరు తీసుకుపోయినారు. అడ్వాన్సు కట్టేదానికి వాళ్ళమ్మ మెడలో గొలుసు పోయింది. తెల్లారి మన గ్రూపులో క్యూఆర్ కోడు పెట్టినాము, బిడ్డ ఆస్పత్రి మంచం మీదున్న ఫోటోతో సహా. ఆ ఫోటో పెట్టింది నేనే. ఫోటో పెడితే దుడ్డు తొందరగా వస్తుందని. వచ్చింది కూడా. మీరందరూ ఇచ్చినారు. బిడ్డ బతికింది.

ఆ తరువాత ఏం జరిగిందో కూడా చెప్పుకుందాం. "ఎన్నడూ సంఘానికి రానివాళ్ళకు ఎందుకిచ్చేది?" అని ఒకరు గ్రూపులో రాసినారు. "వచ్చిందెంత, ఖర్చయిందెంత, లెక్క పెట్టమనండి" అని ఇంకొకరు. వాడు బిల్లులన్నీ ఫోటోలు తీసి పెట్టి, నమస్కారం బొమ్మ పెట్టి, గ్రూపులోంచి వెళ్ళిపోయినాడు. ఇప్పటికీ ఉగాదికి పిలిస్తే రాడు. దారిలో కనిపిస్తే తల వంచుకొని పోతాడు. మనం బిడ్డను బతికించి తండ్రి తల వంచినాము. నిధి అంటే నాకు గుర్తొచ్చేది ఆ తల.

నా ప్రశ్న ఒకటే. ఆరేళ్ళ బిడ్డకు వైద్యం అందాలంటే వాళ్ళ నాన్నకు ఉద్యోగం ఉందా లేదా అని ఎందుకు చూడాలి? వాళ్ళ నాన్న తాలూకాఫీసుకు పోయినాడా లేదా అని ఎందుకు చూడాలి? ఆ బిడ్డ తన పేరున తాను మనిషి కాదా?

ఉన్న పథకాలను తీసిపారేయడం లేదు. తమిళనాడులో కలైజ్ఞర్ బీమా పథకం 2009లో వచ్చింది. 2012లో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా అయింది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చినాక రెండూ కలిపి కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు చేసినారు. వరుమానం హద్దు చాలా ఏళ్ళు 72,000 ఉండింది, తరువాత 1,20,000కి పెంచినారు. 2021 మే 7న కొత్త ప్రభుత్వం వచ్చిన రోజే, కార్డున్నవాళ్ళకు ప్రైవేటు ఆస్పత్రుల్లో కరోనా వైద్యం ఖర్చు బీమా కింద ఇస్తామని ఉత్తర్వు వేసినారు. ఆ తమ్ముడికి కార్డుంటే కృష్ణగిరిలోనో సేలంలోనో ఆ ఉత్తర్వు చూపించి నిలబడి అడిగే హక్కైనా ఉండేది. పథకం చెడ్డది కాదు. బిడ్డ దాకా రాకపోవడం చెడ్డది.

ఎందుకు రాదు? మూడు కారణాలు చెబుతాను.

మొదటిది, హద్దు. ఏడాదికి 1,20,000 అంటే నెలకు పదివేలు. టెంపో తోలేవాడు, పూల తోటలో కూలీ, టైలరింగ్ యూనిట్లో అక్క, వీళ్ళలో ఎవరి చేతికి నెలనెలా ఒకే సొమ్ము వస్తుంది? ఒక నెల పన్నెండు వేలు, ఒక నెల ఆరు వేలు. ఈఎస్ఐకి జీతం హద్దు 21,000. కానీ అది కంపెనీ పని ఉన్నన్నాళ్ళే. పని పోతే అదీ పోతుంది. ఈ రెండు గోడల మధ్య సందులో మన బిడ్డలు పెరుగుతున్నారు.

రెండోది, ఆ 5 లక్షలు ఇంటికంతా కలిపి. తాతకు గుండె ఆపరేషన్ అయిన ఏడాదే బిడ్డకు పెద్ద జబ్బు వస్తే మిగిలిందే బిడ్డకు. ఆ సంగతి గుర్తించే, కేంద్రం 2024 అక్టోబరులో 70 ఏళ్ళు దాటినవాళ్ళకు, పేదా ధనికా చూడకుండా, వాళ్ళ పేరున కార్డు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. అప్పటికే కార్డున్న ఇళ్ళలో పెద్దవాళ్ళకు వేరుగా ఇంకో 5 లక్షలు. మంచి పని, మా నాయన వయసు వాళ్ళకు అది కావాల్సిందే. కానీ డెబ్భై దాటినవాళ్ళ దగ్గర వరుమానం సర్టిఫికెట్టు అడగకుండా ఇవ్వడం చేతనైనప్పుడు ఏడేళ్ళ బిడ్డకు ఎందుకు చేతకాదు? నాకు తెలిసిన జవాబు ఒకటే. ఏడేళ్ళ బిడ్డకు ఓటు లేదు.

బిడ్డ పేరున కార్డు అసలే లేదా అంటే, ఒక చోట ఉంది. కరోనా కాలంలో అమ్మా నాన్నా పోయిన బిడ్డల కోసం 2021 మేలో పీఎం కేర్స్ తరపున పథకం ప్రకటించినారు. అందులో బిడ్డకు ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల బీమా ఉంది. అనాథ బిడ్డకు అది న్యాయం, నేను కాదనను. కానీ మెల్లగా ఆలోచించండి. ఈ దేశంలో బిడ్డ తన హక్కుగా కార్డు తెచ్చుకోవాలంటే ముందు అమ్మా నాన్నా పోవాల్నా?

మూడోది, అన్నిటికంటే పెద్దది. ఈ బీమా ఆస్పత్రిలో చేరేదానికి. చేరకుండా ఉండేదానికి కాదు. కొన్ని పరీక్షలు, కొన్ని ఆపరేషన్ల తరువాతి వైద్యం జాబితాలో ఉన్నాయి, నిజమే. కానీ బిడ్డల జబ్బులు పెద్దవాళ్ళ జబ్బుల మాదిరి కావు. బిడ్డకు బైపాస్ అక్కర లేదు. జ్వరం, దగ్గు, చెవి చీము, రక్తం తక్కువ, ఉబ్బసం, మాటలు రావడం ఆలస్యం, ఇవే. ఇవన్నీ ఆస్పత్రిలో చేరకుండా, నెలనెలా చిన్న చిన్న ఖర్చుతో చూసుకోవలసినవి.

మా వీధిలో ఉబ్బసం ఉన్న అబ్బాయి ఒకడున్నాడు. మన ఊరి కార్తీకం చలి మీకు తెలుసు. పోయిన చలికాలంలో రెండు సార్లు ఊపిరాడక ఆస్పత్రిలో చేరినాడు. రెండు సార్లూ కార్డు మీద చూసినారు, పైసా కట్టించుకోలేదు. కానీ ఆ అబ్బాయి రోజూ పీల్చుకునే ఇన్హేలర్ కార్డులో రాదు. సర్కారు ఆస్పత్రిలో ఉన్న రోజు ఇస్తారు, లేని రోజు మెడికల్ షాపే. దుడ్డు లేని నెల వాళ్ళమ్మ ఇన్హేలర్ ఆపేస్తుంది. తరువాత నెల మళ్ళీ ఊపిరాడదు. బిడ్డ గొంతు దాకా మునిగితే తాడేస్తాము, మోకాలి దాకా నీళ్ళున్నప్పుడు పిలిస్తే పలకము అన్నట్టుంది.

"అన్నా, మందుకు ఇచ్చేది ఇయ్యరు, మంచానికి ఇచ్చేది ఇస్తారు. ఇదేం లెక్క?" అని ఆయమ్మ నన్నడిగింది. నాకు జవాబు రాలేదు. మీకు వస్తే చెప్పండి.

చేతకాక కాదు, అది నా వాదన. మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువమ్', అంటే జనం దగ్గరికే వైద్యం, మొదలుపెట్టింది ఎక్కడ? చెన్నైలో కాదు. మన శూలగిరి పక్కన సామనపల్లిలో. బీపీకి, షుగరుకు మందులు ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. మా అమ్మకూ తెచ్చి ఇస్తారు, ఆ అమ్మాయికి దండం పెట్టాలి. పుట్టుకతో లోపాలున్న బిడ్డలను గుర్తించి పంపడం కూడా ఆ పథకం పనుల్లో ఉంది. అవ్వ బీపీ మాత్ర గడప దాకా వస్తుంది. అదే గడపలో కూచున్న మనవడి ఇన్హేలర్ ఆ సంచీలో ఎందుకు రాకూడదు?

వరుమానం అడగకుండా ఇవ్వడం కుదరదంటారా? 2021 డిసెంబరులో మొదలైన 'ఇన్నుయిర్ కాప్పోమ్' పథకంలో రోడ్డు ప్రమాదం జరిగితే మొదటి 48 గంటల వైద్యం ఉచితం. కార్డుందా, ఏ రాష్ట్రం మనిషివి అని అడగరు. 2022 సెప్టెంబరులో మొదలైన బడి పలహారం పథకంలో బిడ్డ పళ్ళెంలో ఉప్మా పెట్టే ముందు వాళ్ళ నాన్న సంపాదన అడగరు. మధ్యాహ్నం అన్నానికీ అడగరు. ఆకలికి అడగని సర్టిఫికెట్టు జ్వరానికి ఎందుకు అడుగుతారు?

వేరే రాష్ట్రాల వైపు చూడండి. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిబా ఫూలే పథకాన్ని రేషన్ కార్డు రంగుతో పని లేకుండా అన్ని కుటుంబాలకూ ఇవ్వాలని 2023లో నిర్ణయించినారు. ఫూలే పేరుతో కార్డు ఎవరెవరికి వచ్చిందో సోలాపూరు పద్మశాలి సంఘాల వాళ్ళను అడిగితే చెబుతారు. అందరికీ ఇస్తే ఆకాశం విరిగి పడలేదు.

మన ఇళ్ళ బిడ్డలు చాలామంది అమెరికాలో ఉన్నారు గనుక అక్కడి మాట కూడా ఒకటి. అక్కడ పేదలకు మెడికెయిడ్ అనే సర్కారు బీమా ఉంది. కరోనా వచ్చినప్పుడు, 2020 మార్చిలో, ఆ జబ్బు ఉన్నన్నాళ్ళు ఎవరి పేరూ జాబితాలోంచి తీయరాదని చట్టం చేసినారు. 2023 మార్చి 31తో ఆ రక్షణ తీసేసినారు. తరువాత రెండు కోట్ల మందికి పైగా పేర్లు పోయినాయి. అందులో ఎక్కువమంది అర్హత లేక కాదు, కాగితాలు సమయానికి చేరక. బిడ్డల పేర్లు కూడా పోయినాయి. 2024 జనవరి నుంచి 19 ఏళ్ళ లోపు వాళ్ళను ఒకసారి చేర్చితే ఏడాది పాటు తీయరాదని అక్కడ దేశమంతటా నియమం ఉంది. అంత డబ్బున్న దేశంలోనూ బిడ్డను కాపాడింది డబ్బు ఒక్కటే కాదు, 'పేరు తీయరాదు' అనే మాట. ఆ మాట మనకూ కావాలి.

ఇంక మీటింగులో నాకు ఎదురుగా వచ్చిన మాటలకు జవాబు.

"అందరికీ బీమా ఇస్తే ప్రైవేటు ఆస్పత్రులు దోచుకుంటాయి" అన్నారు ఒక అన్న. నిజం, భయం న్యాయమే. కేంద్ర ఆడిటర్ 2023లో ఇచ్చిన నివేదికలో ఒకే మొబైల్ నంబరు మీద సుమారు 7.5 లక్షల మంది ఆయుష్మాన్ లబ్ధిదారులు నమోదైన సంగతి బయటపడింది. దొంగతనం ఉంటే దొంగను పట్టాలి, బిడ్డను బయట నిలబెట్టరాదు. ఇంకొకటి, ఈ బీమా దుడ్డు సర్కారు ఆస్పత్రులకు కూడా వస్తుంది. 2022లో కృష్ణగిరికి మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడ బిడ్డల వార్డు బలంగా ఉంటే మనం అర్ధరాత్రి అత్తిబెలె దాటే పని ఉండదు. నేను అడిగేది ప్రైవేటుకు దోచిపెట్టమని కాదు, సర్కారు ఆస్పత్రిని ముందు పెట్టమని.

"ఇది తెలుగు సంఘం, ఆస్పత్రి సంఘం కాదు. మన పని భాష" అన్నారు ఇంకొకరు. అన్నా, 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చినప్పటి నుంచి మన బిడ్డలు బడిలో తెలుగు చదివేదానికి మనం తిరగని ఆఫీసు లేదు, ఎక్కని కోర్టు మెట్టు లేదు. ఎవరి కోసం? ఈ బిడ్డల కోసమే కదా. చెవి చీము పట్టి సరిగా వినబడని బిడ్డకు ఏ భాష నేర్పుతారు? భాష సంగతి ఈ కార్డులోనూ ఉంది. దరఖాస్తు తమిళంలో ఉంటుంది. మన అవ్వలకు తమిళం చదవడం రాదు. కౌంటరు దగ్గర నిలబడి రెండు మాటలు తెలుగులో చెప్పే మనిషి లేక ఎన్ని ఇళ్ళ వాళ్ళు వెనక్కి తిరిగి వచ్చినారో మీకు తెలుసు. అది తెలుగు సంఘం పని కాకపోతే ఇంకెవరి పని?

"సర్కారు కార్డు బీదవాళ్ళకు, మనకెందుకు?" ఈ మాట మైకులో ఎవరూ అనలేదు, కానీ టీ తాగేటప్పుడు వినబడింది. ఈ మాటే మనల్ని ఎక్కువ చెడగొట్టింది. కార్డు తీసుకోవడం అవమానం అనుకున్నాము. తరువాత బిడ్డ ఫోటో గ్రూపులో పెట్టి దుడ్డు అడిగినాము. రెండింటిలో ఏది అవమానం?

"కరోనా పోయింది కదా, ఇప్పుడెందుకు ఈ గోల?" అని కూడా ఒకరన్నారు. పోయింది కరోనా. అది మిగిల్చింది పోలేదు. యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల లెక్కలో 2021లో మన దేశంలో మొదటి టీకా కూడా పడని బిడ్డలు సుమారు 27 లక్షలు. ఆ మరుసటి ఏడు చాలావరకు సర్దుకున్నారు, కానీ ఆలోగా 2022 చివర ముంబై గోవండిలో తట్టు వచ్చి బిడ్డలు పోయినారు. ఆ రెండేళ్ళలో బిడ్డలను చంపింది కరోనా కంటే ఎక్కువగా మూతబడిన తలుపులు. ఇంకో జబ్బు రేపు రాదని ఎవరైనా రాసిస్తారా? వచ్చినప్పుడు మళ్ళీ మొదట పోయేది కాంట్రాక్టు పనే, దానితోపాటు పోయేది ఆ ఇంటి బిడ్డ బీమానే.

అందుకే సంఘం ముందు నా అర్జీ ఇది.

నిధి కోసం అనుకున్న సొమ్ములో ఒక భాగంతో ముందు మన వీధులన్నీ తిరిగి లెక్క రాద్దాం. ఏ ఇంట్లో ఎంతమంది బిడ్డలు, ఎవరికి కార్డుంది, ఎవరికి లేదు, రేషన్ కార్డులో బిడ్డ పేరు ఎక్కిందా లేదా. ఇది చాలా ముఖ్యం. బీమాలో కుటుంబం అంటే రేషన్ కార్డులో ఉన్న పేర్లే. బిడ్డ పుట్టి నాలుగేళ్ళయినా పేరు ఎక్కించని ఇళ్ళు నాకు తెలిసే అయిదారున్నాయి.

తరువాత, వరుమానం సర్టిఫికెట్టు, రేషన్ కార్డు, ఆధార్ సరిచూసి, నెలకొక రోజు వ్యాను మాట్లాడి, పది ఇళ్ళవాళ్ళను కృష్ణగిరి కలెక్టరాఫీసులోని బీమా కౌంటరుకు తీసుకుపోదాం. ఒక రోజు కూలీ పోతుందని ఎవరూ ఆగిపోకుండా ఆ కూలీ సంఘం ఇయ్యాలి. నిధి పెడితే దానికి పెట్టండి. అప్పుడు నేనే ముందు చందా రాస్తాను.

మూడోది, ఒక తీర్మానం. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా ప్రతి బిడ్డకూ తన పేరున కార్డు. వరుమానం అడగరాదు. తండ్రి పని పోయినా, ఇల్లు మారినా పేరు తీయరాదు. ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యం, నెలనెలా వాడే మందు అందులో ఉండాలి. సరిహద్దులో ఉన్న మన మాదిరి ఊళ్ళ బిడ్డలకు, ఏ జాబితా కార్డైనా సరే, పక్క రాష్ట్రంలో చెల్లాలి. దీన్ని తెలుగులోనూ తమిళంలోనూ రాసి ఎమ్మెల్యేకు, కలెక్టరుకు, ఆరోగ్య శాఖకు ఇద్దాం. మనం ఒక్కరమే వద్దు. పక్క వీధిలో తమిళుల సంఘం ఉంది, కన్నడ వాళ్ళున్నారు, ఉర్దూ వాళ్ళున్నారు. ఊపిరాడని బిడ్డకు కులమూ భాషా లేవు, అర్జీకి ఎందుకు?

ఇది ఒక నెలలో అయ్యే పని కాదని నాకు తెలుసు. చందా పోగేయడం సులభం, సంతకాలు పోగేయడం కష్టం. కానీ చందా ఒక బిడ్డకు సరిపోతుంది. హక్కు వస్తే, మన సంఘం పేరే తెలియని ఊళ్ళో బిడ్డకు కూడా సరిపోతుంది.

చివరిగా ఒక మాట. ఆ ఫోటో గ్రూపులో పెట్టింది నేనేనని పైన రాసినాను. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది, బాగా చదువుతుందంట. రేపు పెద్దదై ఎవరి ఫోన్లోనో ఆ ఫోటో చూస్తే నన్నేమంటుందో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఇంకో బిడ్డ ఫోటో నా చేత్తో పెట్టే అవసరం రాకూడదు. నాకున్న కోపమంతా అదే.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి మీటింగు. వచ్చేటప్పుడు రేషన్ కార్డు తీసుకొని రండి, మీ ఇంటి బిడ్డల పేర్లు అందులో ఉన్నాయో లేదో చూసుకొని రండి. గొడవ పడాలనుకున్నవాళ్ళు కూడా రండి. కానీ కార్డు మరిచిపోవద్దు.

తమ్ముడూ, నువ్వు ఇది ఎవరి ఫోన్లోనైనా చదివితే, నువ్వు కూడా రా. ఈసారి లెక్క అడిగేది నిన్ను కాదు.